రోమన్ చక్రవర్తుల నాణేలు: గుర్తించడం, కొనడం, దాచడం – మొదటి నాణెం నుంచి సమగ్ర మార్గదర్శి

"ఇది ఏ రాజుది?", "అసలుదేనా?", "ఎంత చేస్తుంది?" నాకు వచ్చే ఫోటోలన్నిటి కిందా ఈ మూడు ప్రశ్నలే ఉంటాయి. ఫోటోలో ఒక వైపే కనిపిస్తుంది. బరువు రాయరు, కొలత రాయరు. ముఖం చూసి చెప్పమంటారు.

ముఖంతో మొదలుపెడితే రోమన్ నాణెం దగ్గర తప్పు దారి పడతాం. ఒకే పేరు పెట్టుకున్న చక్రవర్తులు అయిదారుగురు ఉన్నారు. ఒకే పోలికతో చెక్కిన ముఖాలు పదుల్లో ఉన్నాయి. లోహం, బరువు, కిరీటం, అక్షరాలు, బొరుసు, అడుగు గుర్తు అనే వరుసలో వెళ్తే సగం అరిగిపోయిన నాణెం కూడా తన పేరు తానే చెబుతుంది. ఈ వ్యాసమంతా ఆ వరుస కోసమే.

క్రీ.పూ. 27లో అగస్టస్ మొదలు క్రీ.శ. 5వ శతాబ్దం దాకా వచ్చిన చక్రవర్తుల నాణేల గురించే ఇక్కడ రాస్తున్నాను. మీ నాణెం మీద గ్రీకు అక్షరాల్లో రాత ఉంటే అది చాలావరకు తూర్పు రాష్ట్రాల నగరాలు వేసుకున్న స్థానిక నాణెం. దాని కేటలాగులు వేరు, పక్కన పెట్టండి.

ఒక సంగతి ముందే చెప్పాలి. నాణెం మీద ఉండేవి లాటిన్ పెద్ద అక్షరాలు. వాటిని మనం ఇంగ్లీషు అక్షరాలు పలికినట్టే తెలుగులో విడివిడిగా రాస్తాను: ఐ ఎం పి, ఏ వి జి, ఇలా.

## 1. ముందుగా సమకూర్చుకోవాల్సినవి

నాణెం కొనకముందే ఇవి ఇంట్లో ఉండాలి. అన్నీ కలిపినా ఓ మోస్తరు డెనారియస్ (రోమన్ వెండి నాణెం) ధర కూడా కాదు.

- 0.01 గ్రాము దాకా చూపే డిజిటల్ కాటా (నగల తూకానికి వాడే చిన్నది చాలు)
- మిల్లీమీటర్లు చూపే కాలిపర్, ప్లాస్టిక్‌ది అయితే మంచిది, నాణేన్ని గీయదు
- 10 రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం
- పక్క నుంచి వెలుతురు వేయడానికి టేబుల్ ల్యాంప్
- మెత్తని గుడ్డ, దాని కింద మందపాటి టవల్ (జారి గచ్చు మీద పడితే పెళుసుబారిన పాత వెండి విరుగుతుంది)
- ఒక నోటు పుస్తకం

నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తండి. కంచు మీద వేలి చెమట మరక పడితే అది అలాగే ఉండిపోతుంది.

వెలుతురు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. పై నుంచి వెలుతురు పడితే అరిగిన అక్షరాలు కనిపించవు. ల్యాంప్‌ను నాణేనికి బాగా పక్కగా, దాదాపు బల్ల ఎత్తులో పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పండి. ఒక కోణంలో నున్నగా ఉన్న చోటే ఇంకో కోణంలో అక్షరాల నీడలు లేస్తాయి. సెల్‌ఫోన్ ఫ్లాష్ మాత్రం వాడొద్దు.

## 2. చట్టం విషయంలో పొరపాటు చేయొద్దు

భారతదేశంలో ఉన్నవాళ్లు ఈ భాగం దాటేసి ముందుకు వెళ్లొద్దు.

1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఏ నాణెమైనా పురావస్తువే. అది రోములో తయారైనా సరే. వీటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకు తప్ప ఎవరికీ లేదు.

అందుకే అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్న మనవాళ్లకు నా మనవి ఒకటే: తాతగారి పెట్టెలో దొరికిన పాత నాణేన్ని సూట్‌కేసులో వేసుకుని విమానం ఎక్కకండి. అక్కడ కొన్న నాణేన్ని ఇక్కడికి తెచ్చినా తిరిగి తీసుకెళ్లడం కష్టమే. సేకరణ ఏ దేశంలో ఉంచాలనేది ముందే తేల్చుకోండి.

పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో దొరికిందా? అది వెంటనే మీదైపోదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి. తెలుగు నేలలో ఈ మాట ఊరికే చెప్పడం లేదు. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో రోమన్ వెండి నాణేల నిధి, వినుకొండలో బంగారు నాణేల నిధి బయటపడ్డాయి. కుండతో సహా, దొరికిన చోటుతో సహా చూస్తేనే పరిశోధకులకు అర్థం తెలుస్తుంది. పంచుకుని అమ్మేసిన నిధి వల్ల ఆ సమాచారమంతా పోతుంది.

ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లలో ఉండేవాళ్లకు 1996 ట్రెజర్ చట్టం వర్తిస్తుంది. మిగతా దేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి నియమాలు చూసుకోవాలి.

## 3. ఏం సేకరించాలో ముందు ఒకటి అనుకోండి

"దొరికినవన్నీ" అనుకుంటే రెండేళ్లకు డబ్బా నిండుతుంది, తెలివి పెరగదు. మొదట ఒక చిన్న పరిధి పెట్టుకోండి. కొత్తవాళ్లకు నేను చెప్పేవి మూడు.

కాన్‌స్టంటైన్ చక్రవర్తి, ఆయన కుటుంబం వేసిన చిన్న కంచు నాణేలు. 4వ శతాబ్దంలో విపరీతంగా ముద్రించారు కాబట్టి రోమన్ నాణేలన్నిటిలో ఇవే చవక. అడుగున టంకశాల గుర్తు ఉంటుంది. గుర్తించడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ట్రాజన్ నుంచి మార్కస్ ఆరీలియస్ దాకా, అంటే దాదాపు 2వ శతాబ్దపు చక్రవర్తుల డెనారియస్‌లు. వెండి బాగుంటుంది, అక్షరాలు స్పష్టంగా ఉంటాయి, పదవుల పేర్లతో సంవత్సరం లెక్కకట్టొచ్చు.

ఒకే బొరుసు బొమ్మ. ఉదాహరణకు రెక్కల విక్టోరియా దేవత. నాలుగు వందల ఏళ్లలో ఆమె రూపం ఎలా మారిందో నాణేల్లోనే కనిపిస్తుంది.

బంగారు ఆరియస్‌తో మొదలుపెట్టొద్దు. ధర చాలా ఎక్కువ, నకిలీలూ ఎక్కువే.

## 4. గుర్తించే వరుస: ఏడు మెట్లు

ప్రతి నాణేనికీ ఈ ఏడు మెట్లూ ఇదే క్రమంలో ఎక్కండి. ఒక మెట్టు దగ్గర సమాధానం దొరకకపోతే ఖాళీ వదిలి ముందుకు పోండి, ఊహించి నింపొద్దు.

### 4.1 లోహం, కొలత, బరువు

మూడూ కలిపి చూస్తే నాణెం రకం, కాలం చాలావరకు తెలిసిపోతాయి.

- ఆరియస్: బంగారం. అగస్టస్ కాలంలో సుమారు 7.8 గ్రాములు, నీరో తగ్గించాక సుమారు 7.3.
- డెనారియస్: వెండి, 17–20 మి.మీ. మొదట్లో సుమారు 3.9 గ్రాములు. క్రీ.శ. 64లో నీరో తగ్గించాక సుమారు 3.4.
- సెస్టర్షియస్: ఇత్తడి, 32–35 మి.మీ., 25 గ్రాముల దగ్గర. చేతిలో పెడితే బరువు తెలుస్తుంది.
- డుపాండియస్, ఆస్: రెండూ 25–28 మి.మీ., 10–13 గ్రాములు. మొదటిది ఇత్తడి, రెండోది రాగి.
- ఆంటొనినియానస్: క్రీ.శ. 215లో కరకల్లా తెచ్చినది. మొదట 5 గ్రాముల వెండి నాణెం. అరవై ఏళ్లు తిరక్కముందే పైన వెండి పూత ఉన్న రాగి బిళ్ల అయిపోయింది.
- ఫోలిస్: డయోక్లీషియన్ 294 ప్రాంతంలో తెచ్చిన పెద్ద కంచు నాణెం, మొదట్లో సుమారు 10 గ్రాములు. తర్వాత త్వరత్వరగా చిక్కిపోయింది.
- సాలిడస్: కాన్‌స్టంటైన్ బంగారం, సుమారు 4.5 గ్రాములు.

డుపాండియస్, ఆస్ రెండింటి పైనా చిలుము పట్టేస్తే రంగు చూసి తేల్చలేరు. అక్కడ తర్వాతి మెట్టే దిక్కు.

### 4.2 తల మీద ఏముంది?

ముఖం కాదు, తల మీద ఉన్నది చూడండి.

- ఆకుల దండ: ఆరియస్, డెనారియస్, సెస్టర్షియస్, ఆస్.
- సూర్యకిరణాల్లా ముళ్ల కిరీటం: నీరో కాలం నుంచి ఎక్కువగా డుపాండియస్, 215 తర్వాత ఆంటొనినియానస్. రోమన్ ముద్రల్లో ఇది చాలావరకు "రెట్టింపు విలువ" అని చెప్పే గుర్తు.
- స్త్రీ బొమ్మ భుజాల కింద నెలవంక: రాణుల ఆంటొనినియానస్. కిరణాల కిరీటం చేసే పనే ఇది చేస్తుంది.
- ముత్యాల పట్టీ: కాన్‌స్టంటైన్ చివరి కాలం, ఆ తర్వాత.

గడ్డం కూడా కాలం చెబుతుంది. నిండు గడ్డంతో నాణేలకెక్కిన మొదటి చక్రవర్తి హాడ్రియన్, పాలించింది 117 నుంచి 138 దాకా. ఆయన తర్వాత దాదాపు వందేళ్లు గడ్డం పద్ధతి నడిచింది. 3వ శతాబ్దం మధ్యలో వచ్చిన సైనిక చక్రవర్తులకు కత్తిరించిన పొట్టి జుట్టు, మొలిచీ మొలవని గడ్డం. కాన్‌స్టంటైన్ మళ్లీ గడ్డం లేని నున్నటి ముఖంతో కనిపిస్తాడు.

### 4.3 బొమ్మ వైపు అక్షరాలు

ఇక్కడే తీరిగ్గా కూర్చోండి. అక్షరాలు సాధారణంగా ఎడమ కింద మొదలై గడియారం ముల్లు తిరిగే దిక్కులో పోతాయి. పదాల మధ్య ఖాళీ ఉండకపోవచ్చు. యు అక్షరం లేదు, ఆ పని కూడా వి చేస్తుంది. అందుకే అగస్టస్ అనే పదంలో ఇంగ్లీషులో యు రాసే ప్రతి చోటా నాణెం మీద వి కనిపిస్తుంది.

తరచూ వచ్చే పొట్టి రూపాలు ఇవి, కంఠతా పట్టేయండి:

- ఐ ఎం పి – ఇంపెరాటర్, సేనాధిపతి
- సి ఏ ఈ ఎస్ – సీజర్
- ఏ వి జి – అగస్టస్, చక్రవర్తి బిరుదు
- పి ఎం – ప్రధాన పూజారి
- టి ఆర్ పి – ట్రిబ్యూన్ (ప్రజల ప్రతినిధి) అధికారం, ఏటేటా కొత్తగా లెక్కించేది
- సి ఓ ఎస్ – కాన్సుల్ అనే ఉన్నత పదవి, పక్కన ఎన్నోసారో అంకె
- పి పి – దేశపిత
- డి ఎన్ – మా ప్రభువు. 4వ శతాబ్దంలో ఐ ఎం పి స్థానంలోకి వచ్చింది
- ఎన్ ఓ బి సి – యువరాజు హోదాలో ఉన్న సీజర్
- డి ఐ వి వి ఎస్ – చనిపోయాక దేవుడిగా ప్రకటించినవాడు. నాణెం వేసింది అతని తర్వాతివాళ్లు

చివరిదాని దగ్గర చాలామంది పొరబడతారు. "దివుస్" అని ఉంటే అది ఆ చక్రవర్తి పాలించిన కాలంలో వేసిన నాణెం కాదు.

కనిపించిన అక్షరాలు మాత్రమే పుస్తకంలో రాయండి. కనిపించని చోట చుక్కలు పెట్టండి. "ఇక్కడ ఫలానా పదం ఉండాలి కదా" అని పూరించడం మొదలుపెడితే కళ్లు కూడా అదే చూపించేస్తాయి.

### 4.4 సంవత్సరం తేల్చడం

రోమన్లు నాణెం మీద సంవత్సరం వేయలేదు, పదవులు వేశారు. ట్రాజన్ అయిదోసారి కాన్సుల్ అయింది 103లో, ఆరోసారి 112లో. అంటే సి ఓ ఎస్ పక్కన అయిదు అంకె, అంటే ఒక్క వి ఉంటే నాణెం 103–111 మధ్యది.

అన్నిసార్లూ ఇంత సులువుగా తేలదు. హాడ్రియన్ మూడోసారి కాన్సుల్ అయింది 119లో, తర్వాత మళ్లీ ఆ పదవి తీసుకోలేదు. కాబట్టి మూడు అంకె ఉన్నా 119 నుంచి 138 మధ్య ఎప్పటిదైనా కావొచ్చు. అప్పుడు ముఖం వయసు, మిగతా బిరుదులు చూసుకోవాలి.

### 4.5 బొరుసు బొమ్మ

బొరుసు వైపు నిలబడిన స్త్రీ కనిపిస్తే "దేవత" అని రాసి వదిలేస్తారు. ఆమె చేతుల్లో ఏముందో చూడండి.

- త్రాసు – ఈక్విటాస్, న్యాయమైన తూకం
- చుక్కాని – ఫార్చూనా
- ఆలివ్ కొమ్మ – పాక్స్, శాంతి
- పాముకు ఆహారం పెడుతుంటే – సాలస్, ఆరోగ్యం
- పువ్వు పట్టుకుని చీర కుచ్చిళ్లు ఎత్తినట్టు వస్త్రం ఎత్తి పట్టుకుంటే – స్పెస్, ఆశ
- రెక్కలు, దండ – విక్టోరియా
- ధాన్యపు కంకులు, కొలపాత్ర – అన్నోనా

కంచు, రాగి నాణేల మీద పెద్దగా ఎస్ సి అని రెండక్షరాలు కనిపిస్తే 1 నుంచి 3వ శతాబ్దం మధ్యదని నమ్మకంగా అనుకోవచ్చు. "సెనేటు నిర్ణయంతో" అని దాని అర్థం.

### 4.6 గీత కింద గుర్తు

బొరుసు అడుగున అడ్డగీత ఉంటుంది. దాని కింద ఉన్న చిన్న చోటులో 3వ శతాబ్దం చివరి నుంచి టంకశాల గుర్తు వేశారు. ఎక్కువగా తగిలేవి:

- పి ఎల్ ఎన్ – లండన్
- టి ఆర్ పి, టి ఆర్ ఎస్ – జర్మనీలోని ట్రియర్ (గీత కింద ఉంటే ఇది ట్రిబ్యూన్ అధికారం కాదు)
- ఎస్ ఐ ఎస్ – సిస్కియా, నేటి క్రొయేషియాలోని సిసాక్
- ఎస్ ఎం టి ఎస్ – థెస్సలొనికా
- ఎస్ ఎం ఎన్ – నికొమీడియా
- ఎస్ ఎం కె – సైజికస్
- ఎస్ ఎం ఏ ఎన్ – ఆంటియోక్
- ఎస్ ఎం ఏ ఎల్ – అలెగ్జాండ్రియా

ఎస్ ఎం అంటే చక్రవర్తి అధికారిక టంకశాల అన్నట్టు. చివర గానీ మొదట గానీ ఉండే ఒక్క అక్షరం ఆ టంకశాలలో ఎన్నో కార్ఖానాయో చెబుతుంది. పడమటి టంకశాలల్లో అది లాటిన్ అక్షరం, తూర్పున ఎక్కువగా గ్రీకు అక్షరం.

ఒక ఉచ్చు ఉంది, జాగ్రత్త. సి ఓ ఎన్ ఎస్ టి అని ఉంటే వెంటనే కాన్‌స్టాంటినోపుల్ అని రాసేస్తారు. ఫ్రాన్సులోని ఆర్ల్ నగరానికి కొంతకాలం కాన్‌స్టాంటినా అని పేరు మార్చారు, అదీ ఇదే గుర్తు వాడింది. ముందు పి, ఎస్ లాంటి లాటిన్ అక్షరం వచ్చి తర్వాత ఈ గుర్తు ఉంటే ఆర్ల్. సి ఓ ఎన్ ఎస్ తర్వాత గ్రీకు అక్షరం వస్తే కాన్‌స్టాంటినోపుల్.

### 4.7 ఇప్పుడు కేటలాగు

అందరూ వాడే ప్రామాణిక వరుస సంఖ్యలు రోమన్ ఇంపీరియల్ కాయినేజ్ అనే సంపుటాలవి. వాటిని కొనక్కర్లేదు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నడిపే ఓక్రే అనే ఉచిత వెబ్‌సైట్‌లో ఆ సంఖ్యలతోనే నాణేలన్నీ వెతకొచ్చు. చక్రవర్తి, నాణెం రకం, టంకశాల ఎంచుకుని, మీకు స్పష్టంగా కనిపించిన రెండు మూడు అక్షరాలు వేస్తే చాలు. మొత్తం రాత టైపు చేస్తే ఒక్క అక్షరం తప్పినా ఫలితం రాదు.

దొరికిన ఫోటో పక్కన మీ నాణెం పెట్టి తేడాలు వెతకండి. పోలికలు వెతికితే మనకు కావాల్సిందే కనిపిస్తుంది.

## 5. రెండు నాణేలు చేతిలో పెట్టుకుని చూద్దాం

మొదటిది. వెండి, 19 మి.మీ., 3.3 గ్రాములు: డెనారియస్, నీరో తగ్గింపు తర్వాతది. ఆకుల దండ, గడ్డం లేదు: హాడ్రియన్ కన్నా ముందుది కావొచ్చు. అక్షరాలు: ఐ ఎం పి, ట్రాజనో, ఏ వి జి, జి ఈ ఆర్ (జర్మన్ల విజేత), డి ఏ సి, పి ఎం, టి ఆర్ పి. పేరు దొరికింది, ట్రాజన్. డి ఏ సి అంటే డేసియా (నేటి రొమేనియా ప్రాంతం) గెలిచాక వచ్చిన బిరుదు, అది 102 చివరి సంగతి. బొరుసు వైపు సి ఓ ఎస్ పక్కన వి, తర్వాత ఎస్ పి క్యూ ఆర్ (రోము సెనేటు, ప్రజలు), ఉత్తమ పాలకుడికి అనే మాటలు. 103–111. త్రాసు పట్టుకున్న స్త్రీ, ఈక్విటాస్. ఓక్రేలో ఇప్పుడు మిగిలేది కొన్నే.

రెండోది. కంచు, 18 మి.మీ., 2.4 గ్రాములు: 4వ శతాబ్దపు చిన్న నాణెం. బొమ్మ వైపు కాన్‌స్టాంటినస్, ఐ వి ఎన్, ఎన్ ఓ బి సి. "ఐ వి ఎన్" అంటే చిన్నవాడు. తండ్రి కాదు, యువరాజుగా ఉన్న కొడుకు రెండో కాన్‌స్టంటైన్. బొరుసు వైపు గ్లోరియా ఎక్సెర్సిటస్, సైన్యానికి కీర్తి. ఇద్దరు సైనికులు, మధ్యలో జెండాలు.

జెండాలు లెక్కపెట్టండి. రెండు ఉంటే 330–335 మధ్యది, ఒకటే ఉంటే 335 తర్వాతది. ఇక్కడ రెండు. అడుగున ఎస్ ఎం ఏ ఎన్, పక్కన గ్రీకు అక్షరం: ఆంటియోక్, నేటి టర్కీలోని అంతాక్యా. ఒక్క జెండా లెక్కతో అయిదేళ్ల ఖచ్చితత్వం వస్తుంది. అందుకే ఈ చవక నాణేలంటే నాకు అంత ఇష్టం.

## 6. పేర్ల తికమక

ఆంటొనినస్ అన్న పేరు చూసి ఆంటొనినస్ పయస్ చక్రవర్తి అని రాసేయొద్దు. మార్కస్ ఆరీలియస్, కమోడస్, కరకల్లా, ఎలగాబలస్ నాణేల మీదా ఆ పేరు వస్తుంది. ఎక్కువ కష్టపెట్టేది చివరి ఇద్దరే. ఆంటొనినస్ పయస్ ఏ వి జి అని ఉండి ముందు ఐ ఎం పి లేకపోతే సాధారణంగా కరకల్లా. ఐ ఎం పి ఉండి, బొరుసు ఖాళీలో చిన్న నక్షత్రం ఉంటే ఎలగాబలస్.

కాన్‌స్టాంటినస్, కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్: ముగ్గురూ వేరు. రెండో టి తర్వాత ఐ ఎన్ వి ఎస్ ఉందా, ఐ వి ఎస్ ఉందా చూడండి. ఆ ఒక్క ఎన్ మీదే అంతా ఉంది. అది చెరిగిపోతే కేటలాగు దాకా వెళ్లొద్దు, రెండు పేర్లూ రాసి ప్రశ్నార్థకం పెట్టండి.

ఫాస్టీనా అనే రాణులు ఇద్దరు, తల్లీ కూతుళ్లు. దివా ఫాస్టీనా అని ఉంటే ఎక్కువగా తల్లి. ఫాస్టీనా అగస్టా అని ఉండి యువతి ముఖమైతే కూతురు.

## 7. భారతదేశంలో తగిలే నాణేలకు ప్రత్యేక జాగ్రత్తలు

మన దక్షిణాది నిధుల్లో ఎక్కువగా ఉండేవి అగస్టస్, టైబీరియస్ డెనారియస్‌లు. టైబీరియస్ నాణెం బొరుసు వైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, చుట్టూ పొంటిఫ్ మాక్సిమ్ అని ఉంటుంది. అగస్టస్ దాని మీద ఇద్దరు మనవలు డాళ్లు, బల్లేలతో నిలబడి ఉంటారు.

బంగారు నాణేల మీద ముఖానికి అడ్డంగా ఉలితో కొట్టిన గాటు కనిపిస్తే నకిలీ అనుకోవద్దు. ఇండియాలో దొరికిన చాలా ఆరియస్‌ల మీద ఆ గాటు ఉంది. తమిళనాడు పుదుక్కోట్టై నిధిలో అయితే నాణేల్లో అత్యధిక భాగానికి ఉంది. చిల్లు, కొక్కెం ఉన్నవి కూడా ఉంటాయి. కాసులపేరులా మెడలో వేసుకున్నవి అవి.

అక్షరాలు అక్షరాల్లా కనిపిస్తూ ఏ పదమూ ఏర్పడకపోతే ఇక్కడే ఆ కాలంలో చేసిన అనుకరణ కావొచ్చు. దాన్ని నకిలీ డబ్బాలో వేయకండి, వేరే కవరులో పెట్టి నిపుణులకు చూపించండి.

## 8. నకిలీ పట్టుకోవడం

పాతకాలంలో నాణేన్ని రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. నకిలీలు ఎక్కువగా మూసలో పోస్తారు. ఈ రెండు పనుల గుర్తులూ వేరు.

- అంచు: చుట్టూ ఒక సన్నని గీత గానీ దాన్ని ఆకురాయితో రుద్దిన ఆనవాలు గానీ ఉంటే మూస పోత.
- నేల: బొమ్మకు, అక్షరాలకు మధ్య ఉన్న చదును చోట గుండ్రటి చిన్న గుంటలు ఉంటే గాలి బుడగలు. మూస పోతే.
- అక్షరాల అంచులు: సబ్బు కరిగినట్టు మెత్తగా ఉంటే అనుమానించండి.
- పగుళ్లు: కొట్టిన నాణేనికి అంచున సహజమైన చీలికలు వస్తాయి, లోపలి దాకా పోతాయి. నకిలీలో చీలిక ఆకారం ఉంటుంది, లోతు ఉండదు.
- బరువు: ఆ రకానికి ఉండాల్సిన దానికి దూరంగా ఉంటే ముందు అక్కడ ఆగండి.
- అయస్కాంతం: అంటుకుంటే పక్కన పెట్టండి.
- కవలలు: సుత్తి దెబ్బ రెండుసార్లు ఒకేలా పడదు. అంచు ఆకారం, అరుగుదల, గీతలతో సహా అచ్చుగుద్దినట్టు రెండు నాణేలు కనిపిస్తే కనీసం ఒకటి నకిలీ.

రాగి మీద వెండి తొడుగు వేసిన పాతకాలపు దొంగ డెనారియస్‌లు కూడా ఉన్నాయి. తొడుగు చిరిగిన చోట రాగి తొంగిచూస్తుంది. అవీ అసలైన పురావస్తువులే, ఆ సంగతి చెప్పి అమ్మితే కొనొచ్చు.

కంసాలి దగ్గరికి తీసుకెళ్లి గీటురాయి మీద గీయించడం మాత్రం చేయకండి. నాణెం దెబ్బతింటుంది. పైగా నకిలీని నిజమైన వెండితోనే చేసి ఉండొచ్చు. వెండి మంచిదో కాదో గీటు చెబుతుంది, ఎప్పటిదో చెప్పదు.

## 9. కొనే ముందు చెక్‌లిస్టు

నేను మొదట్లో "శుభ్రం చేయని రోమన్ నాణేలు" అంటూ ఒక గుత్తి కొన్నాను. మట్టి మధ్య మూస పోత నాణేలు కలిపి ఉన్నాయి. మట్టి నానబెడితే గంటలో కరిగిపోయింది, జిగురుతో అంటించిన మట్టి అది. అప్పటి నుంచి గుత్తులు కొనలేదు, కొత్తవాళ్లకూ వద్దనే చెబుతాను. ఆ డబ్బుతో చదవగలిగే ఒక్క నాణెం కొనండి.

- రెండు వైపులా, అంచు కూడా స్పష్టమైన ఫోటోలు ఉన్నాయా?
- బరువు, కొలత, కేటలాగు సంఖ్య రాశారా?
- ఇండియాలో అయితే అమ్మేవారికి పురావస్తువుల లైసెన్సు ఉందా?
- ఇంతకు ముందు ఎవరి దగ్గర ఉందో, ఎక్కడ అమ్మారో కాగితం ఉందా?
- నకిలీ అని తేలితే కాలపరిమితి లేకుండా డబ్బు తిరిగిస్తారా? అది రాతపూర్వకంగా ఉందా?
- వేలంలో అయితే పాట ధర పైన కమిషన్, రవాణా, కస్టమ్స్ సుంకం కలిపి ఎంత అవుతుంది?
- ఇదే రకం నాణెం గత వేలాల్లో ఎంతకు పోయింది?

ఒక్కదానికి జవాబు దాటేసినా ఆగండి. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, ఇవాళే చెప్పాలి" అని టెన్షన్ పెట్టేవాళ్ల దగ్గర అసలు కొనొద్దు. కోట్ల సంఖ్యలో ముద్రించిన నాణేలివి, ఇంకోటి దొరుకుతుంది.

## 10. శుభ్రం చేయడం: చేయకపోతేనే మేలు

ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. నా మొదటి సెస్టర్షియస్‌ను ఇంట్లో ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమాను. పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్లకు పట్టిన నల్లాకుపచ్చ పొర పోయి పచ్చి ఇత్తడి బయటపడింది. ఆ పొర మళ్లీ రాదు. దానితో పాటు సన్నని అక్షరాల అంచులూ పోయాయి.

చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, పాత్రలు తోమే పొడి, టూత్‌పేస్ట్, ఇనుప పీచు: ఇవేవీ నాణెం దరిదాపులకు రానివ్వొద్దు.

తప్పనిసరిగా మట్టి తీయాల్సి వస్తే:

1. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి. కుళాయి నీళ్లు, మినరల్ వాటర్ పనికిరావు, వాటిలోని క్లోరైడు లోహాన్ని తింటుంది.
2. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి.
3. మెత్తని బ్రష్‌తో తేలిగ్గా రుద్దండి. రాకపోతే మళ్లీ నానబెట్టండి. వారాలు పడుతుంది, నెలలూ పట్టొచ్చు.
4. అక్షరాలు చదవగలిగిన రోజున ఆపేయండి. మెరిసేదాకా పోవద్దు.
5. గుడ్డ మీద అద్ది, నీడలో పూర్తిగా ఆరనివ్వండి.

వెండి నాణెం నల్లబడితే వదిలేయండి. ఆ నలుపులో బొమ్మ ఇంకా బాగా కనిపిస్తుంది.

## 11. దాచడం, రాసుకోవడం

పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు. కొన్నాళ్లకు అవి జిగటగా మారి నాణేనికి పచ్చటి మరక అంటిస్తాయి. మైలార్ (పాలిస్టర్ ప్లాస్టిక్) కవర్లు అడగండి. చెక్క ట్రే అయితే టేకు, ఓక్ లాంటివి ఆమ్లపు ఆవిరి వదులుతాయి కాబట్టి వద్దు, మహాగని మేలు.

ప్రతి నాణేనికీ ఒక కార్డు:

- చక్రవర్తి, నాణెం రకం, కాలం
- బరువు, కొలత
- బొమ్మ నిటారుగా పెట్టి తిప్పితే బొరుసు పైభాగం గడియారంలో ఎన్ని గంటల దిక్కుకు ఉంది (6 లేదా 12 ఎక్కువ)
- రెండు వైపుల రాత, కనిపించినంత వరకే
- టంకశాల, కేటలాగు సంఖ్య
- ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నారు; బిల్లు నకలు

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఉండేవాళ్లు తేమ గురించి ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేయండి, రంగు మారగానే ఆరబెట్టి మళ్లీ వాడండి.

కంచు నాణేలను మూడు నెలలకోసారి భూతద్దంతో చూడండి. గట్టి ఆకుపచ్చ పొర మంచిదే, ముట్టుకోవద్దు. లేత పచ్చరంగు పొడి, గోటితో తాకితే రాలిపోయేది కనిపిస్తే అది కంచుకు పట్టే రోగం. క్లోరైడు, తేమ కలిసి లోహాన్ని లోపలి నుంచి తింటున్నాయని అర్థం. ఆ నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరుచేయండి. పొడిని పుల్లతో తీసేసి, డిస్టిల్డ్ వాటర్‌లో సమపాళ్లలో వంటసోడా, వాషింగ్ సోడా కొద్దిగా కలిపి అందులో నానబెట్టండి. వారానికోసారి నీళ్లు మార్చండి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో మరికొన్ని రోజులు ఉంచి, పూర్తిగా ఆరబెట్టి, మూడు నెలలు విడి డబ్బాలో ఉంచి చూడండి. పొడి మళ్లీ రాకపోతేనే ట్రేలో దాని చోట పెట్టండి. వస్తే మళ్లీ మొదటి నుంచీ చేయాలి.